మయ్యత్ ఇచ్చే గవాహీ

ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరు 27న హత్యకు గురైన మన బిడ్డ ఖబర్‌ను 2019 డిసెంబరులో తెనాలిలో తవ్వి, మళ్లీ పోస్టుమార్టం చేశారు. అప్పటికే, శిక్షపడి జైల్లో మగ్గిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషి అంది. పన్నెండేళ్లకు ఎముక విరుపు చెబుతుందేమో గానీ, కమిలిన దెబ్బ గవాహీ మట్టిపాలే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బావుల్లో తేలిన మయ్యత్ మీదా అంతే: కుళ్లిన మరకేదో, దెబ్బేదో కంటికి తెలియదు. స్పెక్ట్రోస్కోపీలో ఆ చోట కాంతి వేసి, ఏ రంగుల్ని పీల్చుకుంటుందో కొలుస్తారు. లోపల కారిన రక్తం జాడ దొరకొచ్చు. ఇంకా పరిశోధనల్లోనే ఉంది, కానీ కొన్ని పద్ధతుల్లో కోత కూడా అక్కర్లేదు.

జల్దీ దఫన్ చేద్దామనే బుజుర్గుల మాట హఖ్కే. అందుకే మొదటి రోజే పూర్తి జాంచ్ అడగండి. ఖబర్ రెండోసారి తెరవాల్సిన పని రాకపోవడమే మయ్యత్‌కి అసలు హుర్మత్.