‘ఎవరి హయాంలో?’ అన్న ప్రశ్న చాలదు

మన దేశంలో ఎక్కడ బాంబు పేలినా రెండు లెక్కలు మొదలవుతాయి. ఆసుపత్రిలో మృతుల లెక్క ఒకటి. పార్టీ ఆఫీసుల్లో ‘ఇది ఎవరి హయాంలో జరిగింది?’ అనే లెక్క మరొకటి. కాంగ్రెస్ వారు 1999 నాటి కాందహార్ హైజాకును, 2001లో పార్లమెంటుపై జరిగిన దాడిని గుర్తుచేస్తారు. బి.జె.పి. వారు 2008 ముంబాయి దాడిని ముందుకు తెస్తారు. 2019 పుల్వామా, 2025 పహల్‌గామ్ కూడా ఈ చిట్టాలో చేరాయి. మృతుల కుటుంబాలకు ఈ వాదోపవాదాల వల్ల ఒరిగిందేమిటి?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె వంటి ఊళ్లలో ఈ వాదన మనకు మరీ ఇరకాటమవుతుంది. ఆ ఊరున్న పులివెందుల నియోజకవర్గం రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చింది. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే తెచ్చింది. ఆ మేలు మరువరానిది. అయితే మక్కా మసీదులో బాంబు పేలిందీ అదే సంవత్సరం, అదే ప్రభుత్వ హయాంలో. ఒకరు ఆ మాట ఎత్తితే, 2003 అక్టోబరులో అలిపిరి వద్ద నక్సలైట్ల మందుపాతర నుంచి తనను తానే కాపాడుకోలేకపోయిన చంద్రబాబు సంగతేమిటని రెండోవారు అడగవచ్చు. ఇద్దరూ ఇంటికి పోతారు. అసలు ప్రశ్న అక్కడే ఉండిపోతుంది.

ఆ ప్రశ్న ఏమిటో మక్కా మసీదు కేసే చెబుతుంది. 2007 మే 18, శుక్రవారం. జుమా నమాజు వేళ జరిగిన పేలుడులో తొమ్మిది మంది చనిపోయారు. తరువాత చెలరేగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరపగా మరో ఐదుగురు బలయ్యారు. ఆ పై మన యువకులనే పోలీసులు పట్టుకుపోయారు. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. కోర్టులో కేసులు నిలవలేదు. 2012 జనవరిలో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. అందులో 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవై వేల చొప్పున. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టివేసింది. దర్యాప్తు సి.బి.ఐ. నుంచి ఎన్.ఐ.ఎ.కు మారింది. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానందతో సహా ఐదుగురు నిందితులను ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు చాలవని విడుదల చేసింది.

కాల్పులు, తొలి అరెస్టులు రాష్ట్రంలో కాంగ్రెస్ పాలనలోవి. దర్యాప్తు చేతులు మారింది కేంద్రంలో యు.పి.ఎ. ఉండగా. కేసు వీగిపోయింది బి.జె.పి. కేంద్రంలోనూ, టి.ఆర్.ఎస్. తెలంగాణలోనూ ఉన్నప్పుడు. ఇందులో ఏ పార్టీ చేయి కడుక్కోగలదు? ఇక మన అభిమాన నాయకుణ్ణి మాత్రం ఈ లెక్క నుంచి ఎలా తప్పించగలం?

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు 18 మందిని బలిగొన్నాయి. రెండు రోజుల ముందే రాష్ట్రాలను హెచ్చరించామని కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే అన్నారు. అవి ఎప్పుడూ వచ్చే సాధారణ హెచ్చరికలేనని ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి బదులిచ్చారు. ఇద్దరిదీ ఒకే పార్టీ! అంటే లోపం పార్టీ జెండాలో కాదు, కబురు నడిచే దారిలో ఉంది. ఢిల్లీలో పుట్టిన సమాచారం ఏ అధికారికి చేరింది, ఆయన ఏ పోలీస్ స్టేషన్‌కు ఏమని చెప్పారు, ఆ ఎస్.ఐ. ఏం చేశారు అన్నది ప్రజలకు తెలియాలి. 2008లో ముంబాయి దాడి తరువాత హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేశారు. ఎన్.ఐ.ఎ. చట్టం వచ్చింది. అయినా నాలుగేళ్లకే హైదరాబాదులో కబురు దారి తప్పింది. మంత్రి మారినంత మాత్రాన దారి బాగుపడదు.

మన పక్కనున్న రాయచోటి ఉదంతం ఇంకా తాజాది. 2025 జూలై మొదట్లో తమిళనాడు పోలీసులు అక్కడ ఇద్దరిని అరెస్టు చేసినట్లు ప్రకటించారు. ఒకరి కోసం 1995 నుంచి, మరొకరి కోసం 1999 నుంచి వెదుకుతున్నామని చెప్పారు. నేరం తేల్చవలసింది కోర్టు. కానీ ఈ ముప్పయ్యేళ్లలో చెన్నైలో డి.ఎం.కె., అన్నా డి.ఎం.కె. రెండూ పాలించాయి. ఢిల్లీలో కాంగ్రెస్, బి.జె.పి. రెండూ పాలించాయి. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి నేటి వరకు మన దగ్గర తెలుగుదేశం, కాంగ్రెస్, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ అన్నీ పాలించాయి. ‘ఎవరి హయాంలో?’ అంటే ‘అందరి హయాంలో’ అన్నదే జవాబు.

ఇక్కడ మన బాధ్యతా ఉంది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మతం చూడకుండా ఎవరినైనా ఊరు, పేరు, గుర్తింపు కార్డు అడగడం మంచిది. నేరస్థుణ్ణి మనవాడని వెనకేసుకు రావడం ఇస్లాం సమ్మతించదు. అలాగే ఇద్దరి పేరు చెప్పి ఊరంతటినీ అనుమానించడాన్నీ ఒప్పుకోరాదు.

దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలోని 135వ ఆయతు, న్యాయం మనకు, మన వారికి ప్రతికూలమైనా సరే దాని పక్షాన నిలవమంటుంది. హుజురాత్ సూరాలోని 6వ ఆయతు, వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమంటుంది. ఈ రెండూ ఓటరుకు కూడా వర్తిస్తాయి.

కాబట్టి ఓటు కోసం ఏ పార్టీ నాయకుడు మన గడపకు వచ్చినా అడగవలసినవి ఉన్నాయి. ముందే అందిన హెచ్చరికను ఏం చేశారు? పేలుడు తరువాత ఏ సాక్ష్యంతో ఎవరిని పట్టుకున్నారు? నిర్దోషులుగా బయటపడ్డ యువకులకు, మృతుల కుటుంబాలకు ఏం చేశారు? మనం ఓటు వేసిన నాయకుణ్ణి ముందు అడుగుదాం. అప్పుడే ఎదుటి పార్టీ నాయకుణ్ణి నిలదీసే అర్హత మనకు వస్తుంది. మక్కా మసీదులో నమాజుకు వెళ్లి తిరిగిరాని వారి విషయంలో ఈ నాటికీ ఒక్కరికైనా శిక్ష పడలేదు. జుమా దుఆలో వారిని తలుచుకుందాం. వారి తరఫున అడగడం కూడా మానకుందాం.