అటెండెంట్ అర్హత ఎవరు అడుగుతున్నారు?

జపాన్‌లో వృద్ధులకు సేవ చేసే ఉద్యోగానికి వెళ్లాలంటే మన అమ్మాయి మామూలుగా మూడు పరీక్షలు గట్టెక్కాలి. ఒకటి పనితనానిది, రెండోది ఆ పనిలో వాడే జపనీస్ మాటలది, మూడోది రోజువారీ జపనీస్‌ది. 2019లో ఆ దేశం తెచ్చిన నైపుణ్య కార్మికుల వీసాకు ఇవి షరతులు. అదే అమ్మాయి కూకట్‌పల్లిలో పక్షవాతం వచ్చిన పెద్దాయన దగ్గర డ్యూటీకి చేరాలంటే ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

ముసలివాళ్లకు అన్నం పెట్టడానికి చదువెందుకు అనేవాళ్లు ఒక్క పూట ఆ మంచం పక్కన కూర్చోవాలి. మింగడం సరిగా రానివారిని వెల్లకిలా పడుకోబెట్టి జావ పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. న్యుమోనియా వచ్చేది అలాగే. మంచం పట్టినవారిని రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద చర్మం రంగు మారుతుంది. ఆ రోజే గమనించకపోతే పుండు పడి నెలల తరబడి మానదు. షుగర్ మందులు వాడే అవ్వ భోజనం మానేసి, చెమటలు పట్టి, మాట తడబడుతుంటే నిద్రమత్తు అనుకుని వదిలేయకూడదు. చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగి లేపితే భుజం కీలు జారుతుంది, లేపినవాళ్ల నడుమూ పడుతుంది. ఇవేవీ డాక్టరు చదువులు కావు. దగ్గరుండి చేయిస్తే కొద్ది వారాల్లో వస్తాయి, చేయించకపోతే ఏళ్ల సర్వీసుతోనూ రాకపోవచ్చు. ఏది ముట్టుకోకూడదో తెలియడం కూడా అర్హతే: ఊడిపోయిన ముక్కు గొట్టాన్ని అటెండెంట్ మళ్లీ తోయబోతే ప్రాణం మీదికి వస్తుంది.

శిక్షణ లేదా అంటే, ఉంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ లాంటి కోర్సులను హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఎప్పుడో తయారుచేసింది. కొద్ది నెలల్లో పూర్తయ్యే చదువులే. చిక్కంతా ఆ సర్టిఫికెట్‌కు బజారులో విలువ లేకపోవడంతో వచ్చింది. ఏజెన్సీకి ఫోన్ చేసే కుటుంబం పన్నెండు గంటల డ్యూటీకి ఎంత, ఇరవై నాలుగు గంటలకు ఎంత అని అడుగుతుంది. ఏం నేర్చుకుని వచ్చిందని అడగదు. నేర్చుకున్నా నేర్చుకోకపోయినా చేతికి అదే జీతం వస్తుంటే ఏ పేదింటి ఆడపిల్ల మూడు నెలల కూలి వదులుకుని క్లాసులో కూర్చుంటుంది?

చట్టమూ ఈ పనిని పట్టించుకోలేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కనీసం 2,000 గంటల చదువున్నవారినే గుర్తిస్తుంది. కొద్ది నెలల కోర్సు ఆ గీతకు చాలా కిందే ఆగిపోతుంది. ఇళ్లకు సేవకులను పంపే సంస్థల రిజిస్ట్రేషన్ కోసం వృద్ధుల సంక్షేమ చట్టానికి 2019లో సవరణ బిల్లు తెచ్చారు గానీ, 2024లో లోక్‌సభ రద్దు కావడంతో అదీ మురిగిపోయింది. అవసరం మాత్రం పెరుగుతూనే ఉంది: 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లోనే చెప్పింది.

సర్టిఫికెట్ లేనివారు ఈ పని చేయరాదని రేపే నిబంధన పెడితే? నష్టపోయేది ఇప్పుడు ఈ పని మీద బతుకుతున్న ఆడవాళ్లే. కుటుంబాలకూ ఖర్చు పెరుగుతుంది, వ్యవహారం చాటుమాటుకు పోతుంది. అందుకే అదుపు ఏజెన్సీల దగ్గర మొదలవ్వాలన్నది నా అభిప్రాయం. పంపే మనిషి ఏ శిక్షణ పొందిందో, కుటుంబం కట్టే డబ్బులో ఆమెకు ఎంత ముడుతుందో బిల్లు మీద రాయాలి. శిక్షణ ఉన్నవారికి వేరే కనీస వేతనం ఉండాలి.

భాష విషయంలో జపాన్ పట్టుదలను ఛాదస్తం అనుకోనక్కర్లేదు. మతిమరుపు ముదిరిన కొద్దీ చాలామంది పెద్దవాళ్లకు తర్వాత నేర్చిన భాషలు ముందు జారిపోతాయి. హిందీ మరిచిపోయిన కరీంనగర్ అవ్వ పక్కన తెలుగు రాని ఒడిశా అమ్మాయి ఉంటే ఇద్దరికీ నరకమే.

పదేళ్లుగా ఈ పనిలో ఉన్నవారిని మళ్లీ క్లాసులో కూర్చోబెట్టనవసరం లేదు. అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలోనే ఉంది. కాకపోతే ఆ పరీక్ష కంప్యూటర్ ముందు టిక్కులు పెట్టించేదిగా కాక, మంచం పక్కన, చేతలతో, తెలుగులో జరగాలి. పరీక్ష ఫీజూ, ఆ రోజు ఆమె కోల్పోయే జీతమూ కమీషన్ తీసుకునే ఏజెన్సీయే భరించాలి.