రేకుల కింద చలికాలం



కరువుసీమగా పేరుపడిన అనంతపురం పీఠభూమిలో చలిని గురించి వ్యాసమెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకువచ్చే ఈ నేలలో అందరి భయమూ ఎండను గురించే. అయితే జనవరి తెల్లవారుజామున బత్తలపల్లెలోనో, దానికి చేరువలోనే ఉన్న ధర్మవరంలోనో ఇంటి పక్కన వేసుకొన్న ఒక రేకుల షెడ్డులోకి వెళ్లి చూడండి. మబ్బు లేని రాత్రి పలుచని ఇనుపరేకు తన వేడిని ఆకాశానికి వదిలివేసి, బయటి గాలికంటె కూడా చల్లబడుతుంది. లోపలివారి ఊపిరిలోని తేమ ఆ రేకును తాకి నీటిబొట్లుగా మారుతుంది. ఆ బొట్లు మగ్గంపై పరచిన పడుగు మీద రాలుతాయి. అదే రేకు మే నెల మధ్యాహ్నం పెనంలా కాలుతుంది.

మన పెద్దలు ఈ రెండు బాధలకూ ఒకే మందు కనిపెట్టారు. అదే మట్టిమిద్దె. దూలాల మీద బండలో కట్టెలో పరచి, పైన మన్ను దట్టించి, వాన దిగకుండా చౌడు చల్లేవారు. ఆ మందపాటి కప్పు పగటి వేడిని నెమ్మదిగా పుచ్చుకొని, రాత్రికి నెమ్మదిగా వదిలేది. మిద్దెల స్థానంలో రేకులు వచ్చాయి. ఖర్చు తగ్గింది, పని త్వరగా ముగిసింది. కాని ఆ మందం ఇచ్చిన రక్షణ పోయింది. పండుకొనే గదిలో ఈ లోటును దుప్పటితో సరిపెట్టుకోవచ్చు. రోజుకు పదిగంటలు కూర్చుని చేతులతో పనిచేసే గదిలో అది కుదరదు.

చలికి చేతివేళ్లలోని రక్తనాళాలు ముడుచుకొంటాయి. వేళ్లు మొద్దుబారి స్పర్శ తగ్గుతుంది. జరీపోగు పట్టే నేతగాడికైనా, సూదిపట్టే దర్జీకైనా, రంపం పట్టే వడ్రంగికైనా అది పనికి అడ్డు, దెబ్బలకు దారి. రక్తపోటు చలికాలంలో పెరుగుతుంది. కీళ్లనొప్పులు, ఉబ్బసం ఉన్నవారికి బాధ హెచ్చుతుంది. చలి ప్రదేశాలలో ఇంటిలోపల కనీసం 18 డిగ్రీల ఉష్ణోగ్రత ఉండడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

అసలు ప్రమాదం చలికంటె, చలికి మనం చేసే ఉపాయంలో ఉన్నది. తలుపులు బిగించి, కిటికీ సందులలో గోనెలు కుక్కి, గది మధ్య బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ఎంతోమందికి అలవాటు. గాలి చాలని చోట బొగ్గులు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా బలంగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకొంటుంది. మొదట తలనొప్పి, తలతిరుగుడు, వికారం కలుగుతాయి. తరువాత మత్తు కమ్ముతుంది. నిద్రలో ఉన్నవాడు మేలుకోకుండానే పోవచ్చు. పొగ కనిపించడం లేదు గదా అని ధైర్యపడకండి. నిప్పు ఎర్రగా, పొగలేకుండా ఉన్నప్పుడు కూడా ఈ వాయువు వెలువడుతూనే ఉంటుంది.

ఒక గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గితే ఈ వాయువునే అనుమానించండి. కోవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సిమీటరును వేలికి తగిలించి 98 చూపించిందని ఊరట చెందకండి. ఆ సాధారణ పరికరం ప్రాణవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌కూ, ఈ విషం పట్టినదానికీ తేడా గుర్తించలేదు. రోగిని వెంటనే ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అధిక సాంద్రత గల ఆక్సిజన్ ఇవ్వడమే ముఖ్యమైన చికిత్స.

మరి గదిని వెచ్చగా ఉంచేదెలా? గొర్రెల గొంగళి మనకు వెచ్చదనం ఇవ్వడానికి కారణం బొచ్చు మధ్య చిక్కిన నిశ్చలమైన గాలి. కప్పుకు కూడా అటువంటి గొంగళి కావాలి. రేకు కింద జానెడు ఎడంతో జిప్సమ్ బోర్డు వంటి లోకప్పు వేయించండి. స్తోమత ఉన్నవారు ఆ ఎడంలో గాజు ఊలు పరపించవచ్చు. దానిని అమర్చేవారు మాస్కు, చేతితొడుగులు ధరించాలి, ఊలు గదిలోకి తెరిచి ఉండకూడదు. థర్మాకోల్ చవక అని కరెంటు తీగల పక్కన వట్టిగా అంటించకండి. నిప్పంటుకొంటే అది క్షణాలలో మండి విషపు పొగ కక్కుతుంది. మట్టిమిద్దె గుర్తుకు వచ్చి రేకుల మీద మన్ను పోయకండి, ఆ బరువును అవి మోయలేవు. కప్పును ఎంత మందం చేసినా గాలి ఆడే దారి మూయరాదు. ఒక గోడకు కిందుగా, ఎదుటి గోడకు పైగా చెరొక కంత ఎప్పుడూ తెరిచి ఉండాలి.

మీ కప్పు సిమెంటు రేకులదైతే మరొక జాగ్రత్త అవసరం. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాని నూగు ఊపిరితిత్తులలో చేరితే పదుల ఏళ్ల తరువాత క్యాన్సర్ రావచ్చు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించిందంటే, ఆ జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతుందో ఊహించండి. కాబట్టి అటువంటి రేకును కోయవద్దు, రంధ్రాలు వేయవద్దు, బ్రష్షుతో రుద్దవద్దు. లోకప్పును గోడల మీద ఆనే వేరే చట్రానికి బిగించండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. ఇంటికి అతికి ఉన్న గ్యారేజీ గోడలకు ఇన్సులేషన్ చేయించి చలికాలంలో పనిగదిగా వాడుకొనేవారు చాలామంది ఉన్నారు. మంచి ఆలోచనే. అయితే గది ఎంత బిగుతైతే విషవాయువు అంతగా నిలుస్తుంది. షట్టరు ఎత్తి ఉన్నా సరే, అందులో కారు ఇంజను నడుపుతూ ఉంచరాదు. జనరేటరు, బొగ్గుల పొయ్యి లోపల వెలిగించరాదు. ఇంటిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోండి.

చివరిగా నా అభిప్రాయం. 2019 డిసెంబరులో ధర్మవరంలోనే ప్రారంభమైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. అటువంటి సాయం ఏ ప్రభుత్వం చేసినా మెచ్చుకోదగినదే. అయితే మగ్గాన్ని లెక్కపెట్టినప్పుడు దాని మీది కప్పును కూడా లెక్కపెట్టాలి. ఇల్లే కార్ఖానా అయిన వృత్తులలో కార్మికుడి ఆరోగ్యాన్ని పట్టించుకొనే యజమాని లేడు, తనిఖీకి వచ్చే అధికారీ లేడు. కొత్తగా షెడ్డు కట్టుకొనే ప్రతి కుటుంబానికీ లోకప్పు ఖర్చును సాయంలో భాగంగా ఇవ్వాలి. అది చలికాలపు కుంపటినీ తప్పిస్తుంది, వేసవి వడదెబ్బనూ తగ్గిస్తుంది.

ఆ సాయం అందేవరకు మీరు ఆగనవసరం లేదు. ఈ రాత్రికే మీ పనిగదిలోని కుంపటిని వాకిట్లోకి మార్చండి. పడకగదిలో ఉన్నా అంతే.