79 యువాన్ల పెన్సిల్

చైనాలో ఆన్‌లైన్ ప్రత్యక్ష ప్రసారాల్లో సరుకులమ్మే లీ జియాచి 2023 సెప్టెంబర్‌లో స్వదేశీ బ్రాండ్ ఫ్లోరాసిస్ కనుబొమల పెన్సిల్ చూపిస్తున్నారు. ధర 79 యువాన్లు. ఖరీదైపోతోందని ఎవరో అన్నారు. ఇన్నేళ్లలో మీ జీతం పెరిగిందా, ఒళ్లొంచి పనిచేశారా అని ఆయన కసిరారు. దేశం భగ్గుమంది. గ్రాము లెక్కన అది బంగారం కన్నా ప్రియమని జనం లెక్కతీశారు. లీ కన్నీళ్లతో క్షమాపణ చెప్పుకోక తప్పలేదు.

చైనా సౌందర్య సాధనాలకు నాసిరకమన్న మచ్చ చాలావరకు చెరిగింది. చౌకగానే ఉండాలన్న పట్టు మాత్రం పోలేదు. ఒకప్పుడు అక్కడి పేరున్న బ్రాండ్లను విదేశీయులే ఎగరేసుకుపోయేవారు. 2008లో దాబావో అలాగే జాన్సన్ అండ్ జాన్సన్ చేతికి పోయింది. ఇప్పుడు గాలి మళ్లింది. 2003లో మొదలైన హాంగ్‌జౌ కంపెనీ ప్రోయా 2024లో వెయ్యి కోట్ల యువాన్ల అమ్మకాలు దాటింది.

మరి ఈ జోరు నిలుస్తుందా? పర్‌ఫెక్ట్ డైరీ కథ వింటే అనుమానమే. దాని మాతృసంస్థ యట్సెన్ 2020లో ఆదాయంలో 65 శాతం అమ్మకాలకు, ప్రచారానికి ధారపోసింది. పరిశోధనకు 2 శాతం కూడా విదల్చలేదు. ఆ ఏడాది నవంబర్‌లో న్యూయార్క్‌లో 10.50 డాలర్లకు అమ్మిన షేరు 2022లో డాలరు కిందికి జారింది. ఆ దెబ్బతో పరిశోధన ఖర్చు పెంచిందనుకోండి. ప్రోయా సంగతా? 2024లో దాని ఆదాయంలోనూ దాదాపు సగం అమ్మకాల ఖర్చుకే పోయింది.