సంపాదకుని మాట: పేగులో పనిచేసే విషం

బాక్టీరియా విషం జబ్బు ఎలా తెస్తుందో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలోనే చూడవచ్చు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో ఉన్నది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా జన్యువు. శనగపచ్చ పురుగు ఆకు కొరకగానే క్రై1ఏసీ ప్రోటీన్ దాని పేగులోకి చేరుతుంది. అక్కడి క్షారగుణంలో ఎంజైములు దాన్ని కత్తిరించి చురుకైన విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు కణాలపై తనకు సరిపడే గ్రాహకాన్ని పట్టుకుని రంధ్రాలు పొడుస్తుంది. కణాలు ఉబ్బి పగులుతాయి. పురుగు మేత మానేసి కొద్ది రోజుల్లో చస్తుంది. మనిషి పేగులో ఆ గ్రాహకాలు లేవు.

కలరా విషం దారి వేరు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే బాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవాన్నే కుందేలు పేగులోకి ఎక్కించారు. పేగు నీటితో ఉబ్బింది. ఆ విషం కణాన్ని చంపదు, లోపలికి దూరి ఉప్పునూ నీటినీ ఆగకుండా బయటికి తోడిస్తుంది. ఎంత గొప్ప పరిశోధనో, అంత ఆలస్యంగా గుర్తింపు దక్కింది. ఓఆర్ఎస్ ప్రాణం నిలిపేది ఆ పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి నింపే.

మళ్లీ పత్తి చేనుకు వస్తే, పురుగు పేగులో గ్రాహకం మారితే బీటీ విషానికి పట్టు దొరకదు. గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకున్న దారుల్లో అదొకటి. గుడ్డి పూలు, కాయలో జంట గింజలు దాని ఆనవాళ్లు. ఈ సంచికలో ఎక్కువ పేజీలు ఆ పురుగుకే.