పేరుమోసిన నోళ్ళు

‘కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం’ అంటారు పెద్దలు. పేరుమోసినవాళ్ళ విషయంలో ఈ సామెత తలకిందులవుతున్నది. వాళ్ళు నోరు జారటం లేదు, తెలిసే మాట్లాడుతున్నారు. అన్న మాటను వెనక్కు తీసుకోవటం కూడా వాళ్ళకు తేలికే. ఆ మాట నాటుకుపోయేది విన్నవాళ్ళలో.

2022 అక్టోబరులో అమెరికన్ గాయకుడు కాన్యే వెస్ట్, యూదులమీద యుద్ధానికి దిగుతానన్న అర్థం వచ్చేట్టు ట్విట్టర్‌లో రాశాడు. అక్కడ అతన్ని అనుసరించేవారు 3 కోట్ల పైచిలుకు. ప్రపంచంలోని యూదులందరినీ లెక్కపెట్టినా దాదాపు కోటిన్నరే. రెండు వారాలు తిరగకముందే లాస్ ఏంజెలస్‌లో ఒక పెద్ద రహదారి వంతెనమీద, యూదుల గురించి అతను చెప్పింది నిజమేనన్న బానరు కట్టి, కొందరు నాజీ సలాములు చేస్తూ నిలబడ్డారు. వాళ్ళకు ద్వేషం అతను నేర్పినది కాదు. అతను వాళ్ళకు ఇచ్చింది పరువు.

‘అతనికి మానసిక వ్యాధి వుంది, వదిలెయ్యండి’ అన్నారు కొందరు. వ్యాధి వున్నదని అతనే చెప్పుకున్నాడు, రోగిమీద జాలిపడవలసిందే. కాని రోగం మనిషిని కలవరపెడుతుందిగాని, పత్రికలూ బాంకులూ యూదుల గుప్పిట్లో వున్నాయన్న కథను కొత్తగా కల్పించదు. ఆ కథ అతను పుట్టకముందే తయారై వుంది. అమెరికాలో దాన్ని యింటింటికీ చేర్చినవాడు మతి చలించినవాడు కాదు, దేశమంతా మేధావి అని కొలిచినవాడు.

అతను హెన్రీ ఫోర్డు. 1920 నాటికి అమెరికా రోడ్లమీద తిరిగే కార్లలో ఇంచుమించు సగం అతనివే. కూలీలకు రోజుకు 5 డాలర్లిస్తానన్న మాటతో 1914లోనే కీర్తి గడించాడు. అంత గొప్ప కార్లు చేసినవాడికి లోకంలోని సమస్త విషయాలూ తెలిసే వుంటాయని జనం అనుకున్నారు, అతనూ అనుకున్నాడు. ‘డియర్‌బోర్న్ ఇండిపెండెంట్’ అనే పత్రిక కొన్నాడు. 1920 మే 22 నుంచి 91 వారాలపాటు, వారం తప్పకుండా, యూదులే ప్రపంచ సమస్య అని అందులో రాయించాడు. తొంభయ్యొక్క వారాలు! దీన్ని నోరు జారటమంటామా? కార్లు అమ్మే డీలర్లే ఆ పత్రికకు చందాలు కట్టించవలసివచ్చింది. ఆ వ్యాసాలకు ఆధారమైన ‘ప్రోటోకాల్స్’ పచ్చి దొంగ పత్రమని 1921 ఆగస్టులో లండన్ ‘టైమ్స్’ రుజువు చేసినా ఫోర్డుకు చీమ కుట్టినట్లయినా లేదు.

పెద్దమనుషులు మాట్లాడలేదని కాదు. 1921 జనవరిలో మాజీ అధ్యక్షుడు టాఫ్టు, అప్పటి అధ్యక్షుడు విల్సన్ మొదలైన 119 మంది ప్రముఖులు ఈ ద్వేష ప్రచారాన్ని ఖండిస్తూ ప్రకటన చేశారు. దానివల్ల పత్రిక ఆగలేదు. అతని కార్లు కొనటం మానేసిన యూదులూ, రైతు సహకార సంఘాలు కట్టిన న్యాయవాది ఏరన్ సపిరో వేసిన పరువునష్టం దావా చివరికి ఫోర్డును ఇరకాటంలో పెట్టాయి. 1927లో డెట్రాయిట్ కోర్టులో సాక్ష్యం చెప్పవలసివస్తే అతను బోనెక్కలేదు. ఆ విచారణ ఎటూ తేలకుండా రద్దయింది. మళ్ళీ విచారణ జరగకముందే, తన పత్రికలో ఏం పడుతున్నదో తనకు తెలియదంటూ క్షమాపణ ప్రకటించాడు. దానికింద ఫోర్డు పేరు గీసింది తానేనని అతని అనుచరుడు బెన్నెట్ తరువాత చెప్పుకున్నాడు. కొత్త మోడల్ కారు బజారుకు రావలసిన సంవత్సరమది. పశ్చాత్తాపానికి భలే ముహూర్తం!

క్షమాపణ అమెరికాలో అచ్చయింది. పుస్తకం అప్పటికే జర్మన్ భాషలో తిరుగుతున్నది. హిట్లర్ యువజన దళ నాయకుడు షిరాఖ్, 1946లో న్యూరెంబర్గ్ కోర్టులో నిలబడి, తనను యూదు ద్వేషిని చేసింది పదిహేడో యేట చదివిన ఫోర్డు పుస్తకమేనని చెప్పాడు. ఫోర్డు మాత్రం 1938లో, తన 75వ పుట్టిన రోజున, హిట్లర్ ప్రభుత్వం పంపిన పతకం పుచ్చుకున్నాడు.

ఇప్పుడు కంపెనీలే ముందుకొచ్చి శిక్షిస్తున్నాయి గదా అంటారు. ఎడిడాస్ కంపెనీ వెస్ట్‌తో తెగదెంపులు చేసుకున్నది 2022 అక్టోబరు 25న, రెండు వారాలపాటు నలువైపులా వొత్తిడి పెరిగాక. నష్టం 25 కోట్ల యూరోల దాకా వుండవచ్చునని అదే రోజు ప్రకటించింది. మిగిలిపోయిన జోళ్ళను 2023లో మళ్ళీ అమ్మకానికి పెట్టి, రాబడిలో కొంత ద్వేష వ్యతిరేక సంస్థలకు దానం చేసింది. దానాన్ని తప్పు పట్టను. కాని ఆ జోళ్ళు కొన్నదెవరు? వెస్ట్ 2023 డిసెంబరులో యూదులకు క్షమాపణ చెప్పాడు. 2025 ఫిబ్రవరిలో ఆ మాట కాదని, నాజీల స్వస్తిక ముద్రించిన చొక్కాలు అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళున్నారన్న ధైర్యమే గదా అది?

‘పాట వేరు, మాట వేరు’ అనే అభిమానితోనే నా తగాదా. పాట నీకు నచ్చితే విను, ఎవడు వద్దన్నాడు? కాని అతను ఒక జాతిమీద విషం కక్కినప్పుడు, ‘నువ్వు పాడగలవుగాని, ఇది అబద్ధం’ అని అతని ముఖంమీద చెప్పవలసినవాడివి నువ్వే. యూదుడు చెబితే కుట్ర అంటాడు, కంపెనీ చెబితే అసూయ అంటాడు. నువ్వు చెబితే అనటానికి మాటలేదు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు గొడవ అనుకునే మిత్రులు సాయంత్రంపూట మన నగరాల్లో పాతపుస్తకాల దుకాణాలవైపు ఒకసారి నడిచి రావాలి. హిట్లరు ఆత్మకథ అక్కడ దొరుకుతుంది. హిట్లరు ఫోర్డును పేరుపెట్టి మెచ్చుకున్నది ఆ పుస్తకంలోనే. దాన్ని విజయ సాధనా గ్రంథాల వరసలో పెట్టి అమ్ముతుంటారు. కుర్రవాళ్ళు బేరమాడి కొనుక్కుపోతుంటారు.