రిపోర్టు రాసే చెయ్యి మన ఊరిదీ కావాలి: పామిడి ప్రణాళిక

పెన్న ఒడ్డున భోగేశ్వరుడి గుడి దగ్గర కూర్చుని ఈ కాగితం రాసుకున్నాం. మా సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు. పేరుకు తొందర లేదు, ముందు పని తేల్చుకుందాం అనుకున్నాం.

పని ఒక్కటే. ఫోరెన్సిక్ చదువు అనంతపురం గడ్డ మీద గట్టిగా నిలబడాలి. మంచి ల్యాబుతో, చెప్పగలిగే అధ్యాపకులతో, తెలుగులో విడమరిచిన పుస్తకాలతో నిలబడాలి.

ఎందుకో చెప్పడానికి దూరం పోనక్కర లేదు. చెనక్కాయ ఎండిపోయిన ఏడు, పురుగుల మందు తాగిన రైతు శవం పెద్దాసుపత్రికి పోతుంది. డాక్టరు కడుపులో ఉన్నదీ, పేగు ముక్క, కాలేయం, మూత్రపిండం తీసి సీసాల్లో పెట్టి, చిక్కటి ఉప్పునీళ్లు పోయించి, సీలు వేయిస్తాడు. పోలీసుల చేతి మీదుగా ఆ సీసాలు ల్యాబుకు పోతాయి. అక్కడ ఒకరు ఆ ముక్కల్లోంచి మందును ద్రావకంతో విడదీసి, సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టి, ఆ చుక్క ఎంత ఎత్తుకు పాకిందో కొలిచి, యంత్రంలో మళ్లీ సరిచూసుకుని, ఫలానా మందు అని రాసి సంతకం చేస్తారు. ఆ సంతకం పడేదాకా ఇంటామె ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. 2004 నాటి 421 నంబరు జీవో కింద పరిహారం అడిగే కుటుంబం ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టులతో పాటు ల్యాబు రిపోర్టు కూడా పెట్టాల్సి వచ్చేది. అప్పులవాడు మాత్రం ఏ రిపోర్టూ అడగడు, వాకిట్లోకి వచ్చి నిలబడతాడు.

మన జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఇలాంటి పరీక్షకు మద్రాసే దిక్కు. అక్కడ రసాయన పరీక్షకుడి ల్యాబు 1849లోనే వచ్చింది. తర్వాత హైదరాబాదు దిక్కయింది. రాష్ట్రం విడిపోయాక అక్కడి రెడ్‌హిల్స్ ల్యాబు తెలంగాణకు పోయి, ఇక్కడ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ల్యాబు ఏ ఊళ్లో ఉన్నా సీసాలు పంపేవాళ్లం మనం, వాటిని తెరిచి చదివేవాళ్లు వేరే ఎవరో. మేం మార్చాలనుకుంటున్నది ఇదే.

‘నిశానీ’ అని ఎగతాళి చేస్తాం చూడండి, సంతకం రాక బొటనవేలు అద్దేవాణ్ణి. ఫోరెన్సిక్ శాస్త్రంలో ఒక పెద్ద కొమ్మ ఆ చేతిలోంచే మొలిచింది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే దొర, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు రేపు మాట తప్పకుండా ఒప్పందం కాగితం మీద అతని అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో తెరిచారు. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెతికి పట్టే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఎస్సైలు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. పొలం కాగితాల మీద దొంగ వేలిముద్రలు పడిన గొడవలు విన్న మన ఊళ్లకు ఈ కథ బాగానే అర్థమవుతుంది.

ఈ చదువు మన దేశానికి కొత్తదేం కాదు. మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లోనే దీనికి విభాగం పెట్టారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో 2009లో మొదలైన ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2020లో జాతీయ సంస్థ అయింది. డీఎన్‌ఏ పరీక్షను ఈ దేశపు కోర్టుల దాకా తెచ్చిన లాల్జీ సింగ్ పనిచేసింది హైదరాబాదులోనే. కానీ పామిడిలో రోజంతా కుట్టుమిషను తొక్కే ఇంటి పిల్లకు గాంధీనగర్ హాస్టలు ఖర్చు ఎవరు పెట్టాలి?

ఇప్పుడే ఎందుకంటే చట్టం మారింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 176వ సెక్షను ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఆ చోటికి వచ్చి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చారు. ఎమ్మెస్సీ చేతికి రావడానికే అయిదేళ్లు పడుతుంది. ఈ ఏడు విత్తు వేయకపోతే ఆ నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు?

అయితే సందు దొరికింది కదా అని బోర్డు కట్టి ఫీజులు గుంజే కాలేజీలు మాకొద్దు. విష పరీక్ష చేసేవాళ్లకు కెమిస్ట్రీ రావాలి, డీఎన్‌ఏ చూసేవాళ్లకు జీవశాస్త్రం రావాలి. పేరులో ఫోరెన్సిక్ ఉండి ల్యాబులో బీకర్లు కూడా లేని పట్టా కంటే నిఖార్సయిన కెమిస్ట్రీ డిగ్రీ మేలని పిల్లలకు మేమే చెబుతాం.

ఈ చదువులో మొదటి పాఠం తప్పుల పాఠం కావాలి. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తర్వాత అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు వేలిముద్ర కలిసిందని బ్రాండన్ మేఫీల్డ్ అనే వకీలును పట్టుకున్నారు. ఆ ముద్ర వేరేవాడిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక వదిలారు. అంతదూరం ఎందుకు, 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో శిక్ష పడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషి అంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి శవాన్ని వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. అందుకే, పోలీసుకు నచ్చే మాట కాకుండా పలక మీద కనిపించిన మాటే రాసేవాళ్లు కావాలి. ఏమీ తేలకపోతే ‘తేలలేదు’ అని రాయగలిగినవాళ్లు కావాలి.

ఇంకో మాట కూడా అడుగుతున్నాం. రిపోర్టులో ఏముందో ఇంటివాళ్లకు తెలుగులో ఒక పేజీ రాసివ్వండి. పోయింది వాళ్ల మనిషే కదా.

అడగడమే కాదు, మా వంతు పనీ ఉంది. చావు జరిగిన చోట పదిమంది తొక్కకుండా చూస్తాం. మందు డబ్బా కడగొద్దు, పారేయొద్దు, అలాగే పోలీసులకు చూపించండని ఊరూరా చెబుతాం. పామిడి చుట్టుపక్కల బళ్లకు పోయి, ఇంకుప్యాడుతో పిల్లల వేలిముద్రలు తీయించి, సుడులు లెక్కపెట్టిస్తాం. అవ్వలతోనూ ముద్ర వేయిస్తాం, ఈసారి అప్పు పత్రం మీద కాదు.

మీ ఇంట్లో ఇంటర్ బైపీసీ, ఎంపీసీ చదివే పిల్ల ఉంటే ఈ కాగితం ఆమె చేతికివ్వండి. వచ్చే ఆదివారం పొద్దున గుడి దగ్గరే కలుస్తాం, ఆమెను వెంటబెట్టుకుని రండి.